నజ్మీ చెక్కిన తుపాకీ

నజ్మీ అన్న పోయాక కింది పట్నం పేపర్లో రెండు లైన్లు వేశారు. "తాష్‌దెరే గ్రామానికి చెందిన మాజీ సైనికుడు నజ్మీ ఇక లేరు" అని. చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. బతికున్నన్నాళ్ళూ ఆ మనిషిని సైనికుడని పిలిచిన పాపాన ఎవడూ పోలేదు. పార పట్టుకున్నవాడు సైనికుడేంటి అన్నారు. నీ పేరు మా జాబితాలో లేదన్నారు. ఇప్పుడు కాళ్ళు చాపుకుని పడుకున్నాక, అడగడానికి నోరు లేచే పని లేదని నమ్మకం కుదిరాక, సైనికుడయ్యాడు. ఆ పేపరు ముక్కని పొగాకు కట్టల కింద పరిచేశాను. అంతకన్నా దానికి మర్యాద అనవసరం.

నా పేరు నెవ్రియే. నజ్మీ అన్న నాకు తోడబుట్టినవాడు కాదు, మా అన్న బస్రీకి ప్రాణ స్నేహితుడు. మా అన్న లేకుండా పోయాక ఆ చోట్లో ఈయనే నిలబడ్డాడు. అందుకే ఆయన గురించి ఆ రెండు లైన్ల వాడు రాయనిది నేను రాస్తున్నాను.

ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. కాంక్రీటు పోసేముందు చెక్కలతో అచ్చు కడతారే, ఆ పని. పట్నంలో మీరు ఏ మెట్లు ఎక్కినా, ఏ బాల్కనీ కింద వానకి నిలబడినా, ఆ కాంక్రీటు ఒకనాడు నజ్మీ అన్న చెక్కల మధ్య పచ్చిగా ఉన్నదే. గోడ ఆరాక చెక్కలు పీకేస్తారు. తర్వాత తాపీవాడి పేరు, ఇంజనీరు పేరు, ప్రారంభించిన మంత్రి పేరు చెప్పుకుంటారు. చెక్కలు కట్టినవాణ్ణి ఎవరూ తలుచుకోరు. "మన పనే అంత. పీకేస్తేనే పూర్తయినట్టు" అని నవ్వేవాడు. చెవి మీద ఎర్ర పెన్సిలు, నోట్లో మేకులు. మాట్లాడాలంటే ముందు మేకులు ఉమ్మాలి కాబట్టి మాట తక్కువ. ఊళ్ళో పిల్లలు అడిగితే బొంగరాలు, గరిటెలు, గుర్రపు బొమ్మలు చెక్కి ఇచ్చేవాడు. తుపాకీ బొమ్మ అడిగితే మాత్రం, ఎవరి మనవడైనా సరే, చెయ్యి ఆడించి పంపేసేవాడు. ఎందుకో పిల్లలకి తెలీదు. నాకు తెలుసు.

ఆయన్నీ మా అన్ననీ ఒకే రోజు సైన్యంలోకి పిలిచారు. డోలు, సన్నాయి పెట్టి ఊరంతా సాగనంపింది. మా నాన్న రెజెప్ గొర్రెని కోశాడు. అమ్మ జుల్బియే వాళ్ళ వెనక గుమ్మంలో చెంబుతో నీళ్ళు పోసింది, ఆ నీళ్ళలా జారుతూ పోయి అలాగే తిరిగి రావాలని. ఇంత సంబరం చేశాం గాని వాళ్ళు ఎక్కడికి పోతున్నారో ఊరందరికీ తెలుసు. మేం టర్కీ మాట మాట్లాడేవాళ్ళం. దేశం మాత్రం ఈ బల్గేరియాయే, మా తాతలు పుట్టిందీ పాతిపెట్టబడిందీ ఇక్కడే. అయినా మావాళ్ళ చేతికి తుపాకీ ఇస్తే అది ఎటు తిరుగుతుందో అని పైవాళ్ళ అనుమానం. ఆ అనుమానం పైకి అనరు. పార చేతికిచ్చి నిర్మాణ దళంలో వేస్తారు, అంతే.

మా అమ్మకి తప్ప అందరికీ తెలుసు అనాలి. ఆవిడ దృష్టిలో సైన్యమంటే తుపాకీయే.

వాళ్ళని వేసింది దూరమేం కాదు, కింది పట్నంలో దండు ఉండే చోటే. అక్కడ సిపాయిలు పడుకునే గదులు కట్టింది మావాళ్ళే. వాళ్ళ రొట్టెలు కాలే పొయ్యిలు కట్టింది, ట్రక్కులు నిలిపే షెడ్లు కట్టింది, సరిహద్దు దాకా రోడ్డు కొట్టింది మావాళ్ళే. సిపాయిలు తుపాకీ గురి నేర్చుకోవడానికి ఎదురుగా ఒక గోడ ఉండేది, ఆ గోడ కూడా మావాళ్ళే కట్టారు. వాళ్ళు కాలుస్తారు, పెచ్చులూడితే వీళ్ళు మళ్ళీ మెత్తుతారు. దేశానికి ఒకడు కాపలా కాస్తే, వాడు తినడానికీ పడుకోవడానికీ నలుగురు చావాలి. ఆ నలుగురిని లెక్కలో వెయ్యకపోవడం మన పెద్దవాళ్ళకి బాగా వచ్చిన విద్య.

ఆ రోజుల్లో సైన్యానికి వెళ్ళిన ప్రతి కుర్రాడూ ఇంటికి ఒక ఫొటో పంపాలి. టోపీ, బెల్టు, ఛాతీకి అడ్డంగా తుపాకీ. ఆ ఫొటో గోడెక్కితేనే కొడుకు మగాడయినట్టు. పక్కనే ఉన్న బల్గేరియన్ల ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉంటుంది. మా అమ్మ నాచేత ఉత్తరం రాయించింది. "ఫొటో ఏదిరా? పిండిమర వాడి కొడుకు మిత్కో పంపించి నెలలైంది. వాళ్ళమ్మ నన్ను చూసినప్పుడల్లా అడుగుతోంది" అని.

ఆ ఉత్తరం చదువుకుని మా అన్న ఏమన్నాడో నజ్మీ అన్న నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు.

"ఒరేయ్ నజ్మీ, మా అమ్మకి తుపాకీ కావాలంటరా."

"దుకాణంలో అడుగు."

"నవ్వకురా. చెక్కతో చెయ్యలేవూ? దూరం నుంచి ఎవడికి తెలుస్తుంది?"

"మీ అమ్మకి తెలిస్తే?"

"ఆవిడ తుపాకీ ఎప్పుడు చూసిందిరా దగ్గర్నుంచి? చెయ్యి, నీకు పుణ్యం ఉంటుంది."

పారేసిన బీచ్ చెట్టు చెక్క ముక్క ఒకటి తీసి నజ్మీ అన్న దొంగచాటుగా చెక్కాడు. బూట్ల పాలిషు పట్టించాడు. బెల్టు తెంపి భుజానికి వేసుకునే పటకా బిగించాడు. కత్తి జారి తుపాకీ మడమ దగ్గర, అంటే భుజానికి ఆనించే చివర, ఒక మూల చితికింది. పట్నంలో ఫొటో తీసే ముసలాయన అగోప్ ఆ తుపాకీని చూసి, "ఇది పేలదు కదా నాయనా" అని మాత్రం అడిగి ఫొటో తీశాడట.

ఫొటో మా ఇంటికి వచ్చింది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి గోడకి పెట్టింది. అప్పట్నుంచీ దళంలో మా ఊరి కుర్రాళ్ళంతా నజ్మీ అన్న వెంటపడ్డారు, ఒక పూట ఇవ్వరా అని. తర్వాతి ఏడు వెళ్ళినవాళ్ళు కూడా అదే పట్టుకున్నారు. ఇవాళ్టికీ మా ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళండి. గోడ మీద ఒక కుర్రాడు, ఛాతీకి అడ్డంగా తుపాకీ, మడమ దగ్గర చితికిన మూల. ఊరి మొత్తానికి ఒకే తుపాకీ. అది అందరికీ తెలుసు, ఎవరూ ఎవరితోనూ అనరు. తాష్‌దెరేలో మగవాళ్ళు తమలో తాము దాచుకున్న అతి పెద్ద రహస్యం ఇదే, సిగ్గూ ఇదే.

ఇక మా అన్న చావు సంగతి. దండు వెనక కొండలో మందుగుండు దాచడానికి సొరంగం తవ్విస్తున్నారు. తవ్వుతూ పోతున్నకొద్దీ కప్పు కింద దుంగలు నిలబెట్టాలి, లేకపోతే కొండ నెత్తిన కూర్చుంటుంది. దుంగలు కావాలని నజ్మీ అన్న అడిగితే "ఉన్నవాటితో సర్దుకో" అన్నారు. ఉన్నవాటితో సర్దుకోమన్న ఆ వారమే ఆయన్ని సొరంగం నుంచి తీసి కర్నల్ గారి వేట బంగళాకి పంపారు, వసారా కట్టమని. దుంగలు అక్కడున్నాయి. మంచి ఓక్ దుంగలు, నున్నగా చిత్రిక పట్టినవి, వాటి మీద కర్నల్ గారు కాళ్ళు చాపుకుని కాఫీ తాగాలి. నజ్మీ అన్న అక్కడ మేకులు కొడుతుండగా ఇక్కడ కప్పు కూలింది. ముగ్గురు పోయారు. అందులో బస్రీ ఒకడు.

సిమెంటు మోసే ట్రక్కులో పెట్టె తెచ్చారు. రేకు పెట్టె, చుట్టూ అతికేసింది. ఇమామ్ గారు స్నానం చేయించాలన్నా తెరవనివ్వలేదు. వెంట ఒక లెఫ్టినెంటు, పెట్టె మొయ్యడానికి నజ్మీ అన్నతో పాటు నలుగురు. ఆ ఏడు ఎండాకాలంలో పిండిమర వాడి కొడుకు మిత్కో సైన్యంలో ఉండగా అర్దా నదిలో ఈతకి దిగి పోయాడు. ఈతకి దిగి పోయినవాడికి కూడా సిపాయిలు వచ్చి సమాధి మీద మూడుసార్లు తుపాకులు పేల్చారు. మా నాన్న అది కళ్ళారా చూశాడు. అందుకని లెఫ్టినెంటుని అడిగాడు.

"బాబూ, పేల్చేవాళ్ళేరి?"

"మాది నిర్మాణ దళం పెద్దాయనా. మా దగ్గర తుపాకులు ఉండవు."

అమ్మ ఏడుపు ఆపేసింది. లోపలికి వెళ్ళి గోడ మీది ఫొటో తెచ్చి ఆ లెఫ్టినెంటు ముక్కు ముందు పెట్టింది. "తుపాకులు ఉండవా? మరి ఇదేంటి? నా బిడ్డ మోసింది చీపురు కట్టా? ఇన్నాళ్ళు వాడి చేత మోయించుకుని ఇవాళ లేదంటారా?"

ఆ అబ్బాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నిర్మాణ దళంలో తుపాకీ ఉండకూడదు. ఉందంటే ఎక్కడో పోయిందన్నమాట. పోయిన తుపాకీ ఒక టర్కీ వాళ్ళ ఇంట్లో ఉందన్నమాట. వాడి బుర్ర అలా నడిచింది, వాడి పైవాడి బుర్ర కూడా అలాగే నడిచింది. మట్టి పచ్చిగా ఉండగానే పోలీసులు దిగారు. పొగాకు షెడ్డు తలకిందులు చేశారు. తేనెపట్టు పెట్టెలు పగలగొట్టారు. మిరప మడి తవ్వారు. కొడుకు మీద మన్ను వేసి రెండు రోజులు కాని ఇంట్లో మన్ను తవ్వి పోశారండీ. ఏమీ దొరక్క నాన్నని జీపెక్కించుకుని పోయారు.

కింద స్టేషన్లో నాన్నని ఏం చేశారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. తిరిగి వచ్చాక ఎడమ చెవి వినపడేది కాదు, అంతవరకే మాకు తెలుసు.

అమ్మకి మాత్రం ఆ సోదాతో నమ్మకం రాయిలా గట్టిపడింది. "తుపాకీ లేనివాడి ఇల్లు ఎవడైనా తవ్వుతాడా? ఉంది కాబట్టే తవ్వారు. నా కొడుకుని చంపి తుపాకీ కూడా కాజేశారు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

నాన్న లోపల ఉన్నాడని తెలియగానే నజ్మీ అన్న గోనెసంచిలో చుట్టి ఆ తుపాకీని స్టేషన్‌కి పట్టుకెళ్ళాడు. బల్ల మీద పెట్టి, "మీరు వెతికేది ఇదే. నేనే చెక్కాను. ముసలాయన్ని వదలండి" అన్నాడు. అక్కడున్న కెప్టెన్ దాన్ని ఎత్తి చూశాడు, గోటితో గీకి చూశాడు, బూట్ల పాలిషు గోటికి అంటుకుంది. ఒకరిద్దరు నవ్వారట. కర్నల్ గారికి కబురెళ్ళింది, ఆయనా వచ్చాడు. ఆయన నవ్వలేదు. ఇల్లంతా తవ్వించి చెక్కముక్క పట్టుకున్నాడన్న మాట పై వరకూ పోతే ఆయన మొహం ఏం కావాలి? అందుకని చెక్కనే నేరం చేశాడు.

"ఈ చెక్క ఎక్కడిది?" అన్నాడు.

"పారేసిన ముక్కండి."

"ప్రభుత్వ కలప. దాంతో ఆటబొమ్మలు చేసుకుంటున్నావా?"

నజ్మీ అన్న నాతో అన్నాడు, "చెల్లీ, అప్పుడు నా నాలుక చివరి దాకా వచ్చింది, తమరి వసారాలో ఉన్నది ఏ ప్రభుత్వానిదండీ అని. మీ నాన్న అవతలి గదిలో ఉన్నాడు. మింగేశాను" అని. ఆ మింగిన మాట ఆయన గొంతులో చచ్చేదాకా అలాగే ఉంది. ముగ్గురి ప్రాణం తీసిన దుంగల గురించి ఒక్కడూ అడగలేదు. మూరెడు చెక్కకి మాత్రం నజ్మీ అన్నని శిక్షా దళంలో వేసి రాళ్ళ క్వారీకి పంపారు. ఆ తుపాకీని ఆయన కళ్ళ ముందే పొయ్యిలో పెట్టారు. బీచ్ చెక్క కదా, బాగా మండిందట.

నాన్నని వదిలేశారు. వదిలేముందు నాన్న నజ్మీ అన్న చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు. "జుల్బియేకి చెప్పకురా. దానికి మిగిలింది ఆ తుపాకీ ఒక్కటే."

క్వారీ నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆయన ముందు మా ఇంటికే వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అమ్మ ఎదురుగా కూర్చోబెట్టి వెన్న వేసి చిక్కుళ్ళు పెట్టింది, తిన్నంతసేపూ చూసింది. ఆఖరున అడిగింది.

"మా వాడి తుపాకీ ఎవరికిచ్చార్రా నజ్మీ?"

ఆయన గిన్నెలోకి చూస్తూ, "జాగ్రత్తగానే ఉంది పిన్నీ" అన్నాడు.

తర్వాత ఎన్నో జరిగాయి. ఒక చలికాలం ప్రభుత్వం మా పేర్లు లాక్కుని బల్గేరియన్ల పేర్లు పెట్టింది. ఎప్పుడో పోయిన బస్రీకి కూడా కాగితాల్లో కొత్త పేరు పెట్టారు, బోరిస్ అని. చచ్చినవాణ్ణి కూడా వదలని మనుషులు వీళ్ళు. ఆ ప్రభుత్వం పోయాక మా పేర్లు మాకు తిరిగొచ్చాయి, దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి. బస్రీ పేరు గురించి అడిగితే ఆఫీసు కిటికీ అవతలి అమ్మాయి "ఆయన వచ్చి సంతకం చెయ్యాలి" అంది. నేను ఆ అమ్మాయిని ఏమన్నానో ఇక్కడ రాయను. నాన్న పోయాడు. నిర్మాణ దళాలు ఎత్తేశారు. తప్పనిసరి సైన్యమే ఎత్తేశారు. నజ్మీ అన్న ఇళ్ళు కట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, మోకాళ్ళు అరగదీసుకున్నాడు.

అప్పుడు పట్నం దండు కూడా ఎత్తేసే రోజు వచ్చింది. పోతూ పోతూ గేటు ముందు ఒక స్మారకం కట్టాలనుకున్నారు. కాంక్రీటు దిమ్మె, దాని మీద తుపాకీ పట్టిన సిపాయి విగ్రహం, ఇత్తడి రేకు మీద ఇక్కడ పనిచేస్తూ పోయినవాళ్ళ పేర్లు. విన్న రోజే నజ్మీ అన్న ఉతికిన చొక్కా వేసుకుని మేజర్ దగ్గరికి వెళ్ళాడు. నన్ను కూడా తీసుకెళ్ళాడు. ఆ మేజర్ మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. మర్యాదగా పీక కోసేవాళ్ళు ఉంటారు కదా.

"బస్రీ, ఇంకా ఇద్దరు. మీ కొండలోనే పోయారు" అన్నాడు నజ్మీ అన్న.

"నిర్మాణ దళం మా కింద లేదు మామయ్యా. వాళ్ళకి వేరే పైఅధికారులు. ఇది సైనికుల స్మారకం."

"మీరు కూర్చున్న ఈ గది వాళ్ళు కట్టిందే బాబూ."

"కట్టారు, కాదనను. కట్టేవాళ్ళు వేరు, సైనికులు వేరు."

నజ్మీ అన్న లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, "మరి దిమ్మె ఎవరు కడుతున్నారు?" అన్నాడు.

"టెండరు పిలిచాం. ఎవరు తక్కువకి చేస్తే వాళ్ళు."

దారంతా నేను తిడుతూనే ఉన్నాను. ఆయన మాత్రం చెవి మీది పెన్సిలు తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. దిమ్మె పని ఆయనే తీసుకున్నాడు, చెక్కల ఖర్చు కూడా రానంత తక్కువకి. "బుద్ధుందా నీకు? మళ్ళీ వాళ్ళకే ఊడిగమా?" అని నేను మండిపడ్డాను. "ఆఖరుసారి చెల్లీ" అన్నాడు.

అచ్చు కట్టాడు. కాంక్రీటు పోశాడు. ఆరింది. క్రేను వచ్చి విగ్రహం దించే రోజున చెక్కలు తీసెయ్యమన్నారు. "అంచులు చితుకుతాయి, విగ్రహం బోల్టులు బిగించాక తీస్తా" అన్నాడు. నిజమే కాబట్టి ఎవరూ కాదనలేదు. విగ్రహం కూర్చుంది, బిగించారు. అప్పుడు ఎర్ర పెన్సిలు చెవిన పెట్టుకుని, కొండవైపు చెక్కని చివరికి ఉంచి, ఒక్కొక్కటే పీకాడు.

కొండవైపు ముఖం మీద మూడు పేర్లు ఉన్నాయి. బోరిస్ కాదు, బస్రీ. అక్షరాలు విడిగా కోసి, అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్క లోపలి వైపు మేకులతో కొట్టాడు. కాంక్రీటు వాటి చుట్టూ గడ్డకట్టింది. పేర్ల కింద ఒక పార, నిలువుగా. అవి తియ్యాలంటే దిమ్మె పగలగొట్టాలి. దిమ్మె పగలగొడితే సిపాయి పడతాడు.

మేజర్ వచ్చి చూసి ఎర్రబడ్డాడు. మేయరు వచ్చి, "ఏం లేదు, ప్లాస్టరింగ్ చేయించేద్దాం, పైన రంగేస్తే కనపడదు" అన్నాడు. తాపీవాళ్ళకి ఫోన్లు చేశారు. పట్నంలో తాపీ పట్టినవాళ్ళంతా తాష్‌దెరేవాళ్ళే, నిర్మాణ దళంలో పని నేర్చినవాళ్ళే, వాళ్ళ కొడుకులే. ఒకడికి నడుం పట్టేసిందట. ఒకడి ఆవు ఈనుతోందట. ఒకడు మాత్రం దాపరికం లేకుండా, "సిపాయిల్ని పిలిచి మెత్తించుకోండి, కట్టేవాళ్ళు వేరు కదా" అని ఫోను పెట్టేశాడు. ఎంత డబ్బన్నా ఒక్కడు కదల్లేదు. ఆ పేర్లు ఇవాళ్టికీ ఉన్నాయి, వెళ్ళి చూసుకోండి.

ఇక్కడితో ఆపేస్తే నాకు హాయిగా ఉండేది. ఆపను.

సంబరంగా అమ్మని కారులో తీసుకెళ్ళాం. నడవలేదు, నజ్మీ అన్నా నేనూ చెరో రెక్కా పట్టుకున్నాం. చదువు రాదు కాబట్టి ఆయన ఆవిడ వేలు పట్టుకుని అక్షరాల్లో తిప్పాడు, "ఇదిగో పిన్నీ, మన బస్రీ" అని. ఆవిడ వేలు పేరు దాటి కిందికి దిగింది. పార అంచు తడిమింది.

"ఇదేంటి?"

"పార పిన్నీ."

"పారెందుకు? నా కొడుక్కి తుపాకీ కదా."

నజ్మీ అన్న నా వైపు చూశాడు. నాన్నకిచ్చిన మాట ఒకవైపు, తన చేత్తో పోసిన కాంక్రీటు ఒకవైపు. ఇక దాచడానికి చోటు లేదు. పైన తుపాకీ పట్టిన సిపాయి నీడ మా ముగ్గురి మీదా పడుతోంది.

"తుపాకీ లేదు పిన్నీ. మాకెవరికీ ఇవ్వలేదు. ఆ ఫొటోలోది చెక్క. నేనే చేశాను. వాడు మోసింది పారే."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కసిరింది.

"మీ తాతలు ఈ లోయంతా పారతోనే తవ్వార్రా. నేను పొగాకు మళ్ళు పారతోనే చేశాను. పార చూసి నేను సిగ్గుపడతానని మీకెవరు చెప్పార్రా?"

ఆయన తల దించుకున్నాడు. ఎవరు చెప్పారో చెప్పడానికి ఆ పూట సరిపోదు.

"సరే. పారతో ఉన్న ఫొటో ఒకటి ఇవ్వు. అది పెట్టుకుంటాను."

"లేదు పిన్నీ" అన్నాడు నజ్మీ అన్న. "పార పట్టుకుని ఎవడూ ఫొటో తీయించుకోలేదు."

అమ్మ దిమ్మె మీంచి చెయ్యి తీసేసింది.

"అయితే ఇన్నేళ్ళూ నేను తుడిచింది నా కొడుకు ఫొటో కాదన్నమాట" అంది. "వాడి ఫొటో నా దగ్గర ఒక్కటీ లేదు."